నీడ పెరట్లో కనకాంబరం

ఇంటి వెనక కొంచెం జాగా ఉంటుంది. అక్కడ ఒక వేపచెట్టో, మునగచెట్టో ఉంటుంది. నీడ పడుతుంది. ఆ నీడలో వంగ వేస్తే సరిగా కాయదు. మల్లె వేస్తే ఆకులే గాని మొగ్గ రాదు. "ఈ నీడలో ఏం పండుతుందిలే" అని ఆ జాగా వదిలేస్తారు. పుల్లలు పడేసుకుంటారు.

అలాంటి చోట కూడా పూసే మొక్క ఉంది. అదే కనకాంబరం. ఇది మన దక్షిణాది మొక్కే. రెండు మూడు అడుగుల ఎత్తు పెరుగుతుంది. పూలకు వాసన లేదు. అయినా తొందరగా వాడవు. అందుకే మరువంతో కలిపి మాల కడతారు. ఇంట్లో పెట్టుకోవచ్చు. మిగిలితే అమ్ముకోవచ్చు.

ఎంత నీడ ఉండాలి?

నీడ అంటే చీకటి కాదు. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నిలబడి నేల చూడాలి. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోందా? అయితే ఆ చోటు మంచిది. మునగ, అవిసె, కొబ్బరి నీడ ఇలాగే ఉంటుంది. చింతచెట్టు కింద ఎండ చుక్క పడని చోట మాత్రం వేయవద్దు. మొక్క బతికినా పూలు తక్కువే. చెట్టు మొదలుకు ఆనించి కూడా నాటవద్దు. నీళ్ళన్నీ చెట్టు వేళ్ళే తాగేస్తాయి.

మొక్కలు ఎలా వస్తాయి?

ఎండిన కాయ మీద వానచుక్క పడితే కాయ టప్పున పగులుతుంది. గింజలు దూరంగా ఎగిరిపడతాయి. కాబట్టి వాన రాకముందే కాయలు కోసి దాచాలి. కొత్త గింజలే బాగా మొలుస్తాయి. ఢిల్లీ కనకాంబరం అనే రకానికి గింజలు రావు. దాని కొమ్మ ముక్కలు నాటాలి.

నాటేది ఎలా?

జూన్, జూలై నెలల్లో నాటాలి. మట్టిలో చివికిన పశువుల ఎరువు కలపాలి. నేల ఎత్తు చేసి బోదెలు వేయాలి. వరసకూ వరసకూ 2 అడుగులు, మొక్కకూ మొక్కకూ 1 అడుగు ఎడం ఉండాలి. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు జాగాలో సుమారు 50 మొక్కలు పడతాయి. రెండు మూడు నెలలకు పూత మొదలవుతుంది.

కంకిలో కింది పూలు ముందు విచ్చుకుంటాయి. రోజు విడిచి రోజు, పొద్దున్నే కోయాలి. పూలు అయిపోయి ఎండిన కంకి తుంచేయాలి. అప్పుడు కొత్త కంకులు వస్తాయి.

మొక్క ఎందుకు చస్తుంది?

నిన్నటిదాకా పూసిన మొక్క ఉన్నట్టుండి వడలిపోతుంది. దిష్టి తగిలిందని కొందరు అంటారు. అది దిష్టి కాదు. మొక్కను పీకి వేళ్ళు చూడాలి. బుడిపెలు ఉంటే అది నులిపురుగుల పని. ఇవి కంటికి కనపడవు. వేళ్ళను గాయం చేస్తాయి. ఆ గాయం గుండా ఎండు తెగులు లోపలికి పోతుంది. నీళ్ళు నిలిస్తే తెగులు ఇంకా ఎక్కువవుతుంది.

చచ్చిన మొక్కను వేళ్ళతో సహా తీసి కాల్చాలి. నాటేముందే మట్టిలో వేపపిండి కలపడం మంచిది. జబ్బు వచ్చిన చోట వెంటనే మళ్ళీ కనకాంబరం నాటవద్దు. అక్కడ కాస్త ఎండ తగిలితే ఒక పంట బంతి వేయాలి. బంతి ఉన్న నేలలో నులిపురుగులు తగ్గుతాయి.

లెక్క రాసుకోవాలి

కనకాంబరం పువ్వు చాలా తేలిక. తూకంలో కొంచెం తేడా వచ్చినా ఎన్నో పూలు పోతాయి. అందుకే తూకం దగ్గర నిలబడి చూడాలి. ఏ రోజు ఎన్ని పూలు ఇచ్చారు, ఎంత డబ్బు వచ్చింది, ఎంత బాకీ ఉంది, అన్నీ నోటు పుస్తకంలో రాయాలి. నోటి లెక్క మరిచిపోతాం. రాసిన లెక్క నిలుస్తుంది.

చదివారు కదా! జవాబు చెప్పండి.
1. మీ పెరట్లో మధ్యాహ్నం ఎండ చుక్కలు పడే చోటు ఉందా?
2. కాయలు వానకు ముందే ఎందుకు కోయాలి?
3. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు జాగాలో ఎన్ని మొక్కలు పడతాయి?