ట్రస్సు కప్పునకు కట్టుదిట్టములు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పాత మిద్దెలకు గాలి భయము లేదు. దూలములపై దంతెలు పరచి, వానిపై బండలో కట్టెలో పేర్చి, ఆమీద చౌడుమన్ను వేసి త్రొక్కించిన కప్పు అది. 15 సెంటీమీటర్ల మందము గల మన్ను చదరపు మీటరునకు ఇంచుమించు 240 కిలోలు తూగును. అట్టి కప్పునకు శత్రువు వానయే గాని గాలి కాదు.

అయితే ప్రత్తి వ్యాపారమునకు, నూనె మిల్లులకు పేరొందిన ఆదోనియందును, 1938లో మాచాని సోమప్పగారి పూనికతో చేనేత సహకార సంఘము వెలసిన ఎమ్మిగనూరునందును, సరకు నిలువచేయుటకు, యంత్రములు నడుపుటకు స్తంభముల అడ్డులేని విశాలమైన చోటు కావలయును. మిద్దె దాని నీయజాలదు. ట్రస్సులపై రేకులు పరచిన షెడ్డు ఈయగలదు. కాని ఈ కప్పు మిక్కిలి తేలికయైనది. పలుచని ఇనుపరేకు చదరపు మీటరునకు 6 కిలోలకు అటునిటు మాత్రమే తూగును.

వేసవి సాయంకాలములందు ఉరుములతో హఠాత్తుగా లేచు గాలివానయే దీనికి పరీక్ష. భారతీయ ప్రమాణముల ననుసరించి కర్నూలునకు లెక్కలోనికి తీసికొనవలసిన గాలివేగము సెకనుకు 39 మీటర్లు, అనగా గంటకు 140 కిలోమీటర్లు. దాని ఒత్తిడి చదరపు మీటరునకు సుమారు 90 కిలోలు. గాలి కప్పును క్రిందికి అణచునని పలువురు తలంతురు. తక్కువ వాలు గల కప్పులను అది పైకి పీల్చును. చూరు అంచులందును మూలలందును ఆ పీల్పు మరింత హెచ్చు. తెరచియున్న పెద్ద తలుపులలో గాలి జొరబడినచో లోపలినుండియు కప్పును ఎత్తును. కావున ట్రస్సు కప్పు బరువు మోసినంత మాత్రమున చాలదు. ప్రక్కకు ఒరగరాదు, పైకి లేవరాదు.

మొదట ఒరుగుట సంగతి చూతము. నాలుగు కర్రలను కొసలయందు కట్టి చతురస్రము చేసి నొక్కినచో అది వాలిపోవును. మూడు కర్రల త్రికోణము వాలదు. ట్రస్సు బలమంతయు ఈ త్రికోణములలోనే ఉన్నది. కాని ఆ బలము ట్రస్సు నిలిచిన తలమునందే. ప్రక్కకు తోసినచో అది ఒంటిగా నిలిపిన నిచ్చెన వంటిది. పది నిచ్చెనలను వరుసగా నిలిపి అడ్డకర్రలతో మాత్రమే కలిపినను, ఒకటి ఒరిగిన అన్నియు ఒరుగును. అందువలన షెడ్డు రెండు కొసలయందలి ట్రస్సుల జంటల నడుమ కప్పు వాలుననుసరించి ఏటవాలు కడ్డీలను అడ్డముగ ఒకదానిపై నొకటి దాటునట్లు బిగింపవలయును. స్తంభముల నడుమ గూడ అట్టి కట్టు ఉండవలెను. లేనిచో పైని పట్టిన తోపు నేలకు దిగు దారి లేదు.

ట్రస్సు క్రింది కడ్డీని గూర్చి పలువురు మరతురు. మామూలుగా అది లాగుడులో నుండును గావున సన్ననిదైనను చాలును. గాలి కప్పును ఎత్తినప్పుడు అదే కడ్డీ నొక్కుడులో పడి ప్రక్కకు వంగవచ్చును. కావున క్రింది కడ్డీలను గూడ ఒకదానితో నొకటి కలిపి కట్టవలయును. ట్రస్సులు నిలుపునపుడు మొదటిదానిని త్రాళ్లతో ఇరుప్రక్కల లాగి కట్టి, రెండవదానితో ఏటవాలుగా బిగించిన పిమ్మటనే త్రాళ్లు విప్పవలెను. ఇందు తొందరపడినచో పనివారి ప్రాణములకే ముప్పు.

ఇక పైకి లేచుట. 9 మీటర్ల వెడల్పు షెడ్డునందు 4 మీటర్ల కొక ట్రస్సు ఉన్నచో, ప్రతి కొసను గాలి టన్నుకు మించిన బలముతో ఎత్తగలదు. మట్టితో కట్టిన రాతిగోడ పైవరుసలో నాటిన బోల్టు ఆ వరుసతోనే ఊడివచ్చును. బోల్టో ఇనుపపట్టీయో గోడలో లోతుగా దిగి, తగినంత బరువును పట్టుకొనవలెను. రేకునుండి పట్టెకు, పట్టెనుండి ట్రస్సుకు, ట్రస్సునుండి స్తంభమునకు, స్తంభమునుండి పునాదికి ఈ కట్టు గొలుసువలె సాగవలయును. అందొక్క కొక్కెము సడలినను తక్కినవి వ్యర్థములు.

1974 డిసెంబరు 25న ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరమును తుఫాను తాకినప్పుడు ఇండ్లలో నూటికి 70కి పైగా నాశనమయ్యెను. గాలి ఊపులకు రేకు మాటిమాటికి వంగి మేకులచుట్టు పగిలి ఊడుట అందొక ముఖ్యకారణము. పిమ్మట ఆ దేశమున కప్పును పునాదివరకు బంధించు నిబంధనలు కట్టుదిట్టము చేయబడెను.

రేకులపై రాళ్లు పెట్టుట ఇందులకు మారు కాదు. చదరపు మీటరున కొక పది కిలోల రాయి ఆ గాలికి చాలదు. రేకు లేచిన అదే రాయి క్రిందనున్నవారి తలపై పడును. అంతకంటె, ఏటేట వేసవికి ముందు తాపీమేస్త్రీనో ఇనుపపని తెలిసినవానినో వెంటబెట్టుకొని షెడ్డు చూడుడు. తుప్పుపట్టిన కొక్కెములు, సడలిన నట్టులు, దారి కడ్డమని ఎవరో కోసివేసిన ఏటవాలు కడ్డీలు కనబడును. వానిని వెంటనే సరిచేయింపుడు. గాలివాన వచ్చినపుడు దారినిపోవువారు మొదట పరుగెత్తునది ఆ షెడ్డు క్రిందికే గదా!