'వదరింగ్' అను మాట

ఎమిలీ బ్రాంటీ రచించిన 'వదరింగ్ హైట్స్' నవల పేరు మన రచయితలలో వినని వారరుదు. ఆ పేరులోని తొలి మాటకు అర్థమడిగినచో పలువురు 'తుపాను' అని ఊరకుందురు. అనువాదకునకు ఆ సమాధానము చాలదు.

ఇది గ్రంథస్థమైన ఆంగ్లమునకు చెందిన మాట కాదు; ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ జనుల పలుకు. 1847లో ఎల్లిస్ బెల్ అను మారుపేరుతో నవల వెలువడిననాడు లండను పాఠకునకు సైతము అది కొత్తయే. రచయిత్రి ఈ సంగతి ఎరిగియే మొదటి అధ్యాయమున కథకుడైన లాక్‌వుడ్ చేత వివరణ చెప్పించెను. గాలివాన వేళ ఆ ఇంటిని చుట్టుముట్టు వాతావరణ క్షోభను తెలుపు స్థానిక విశేషణమని దాని సారము. లాక్‌వుడ్ ఆ కొండనేలకు కొత్తగా అద్దెకు వచ్చినవాడు. అర్థము చెప్పుకొనవలసిన అవసరము అతనికే గాని ఆ ఇంటివారికి లేదు. ఈ చిన్న యుక్తి నాకెప్పుడును ముచ్చట గొల్పును.

'వదర్' అను క్రియకు స్కాట్లండులోను, ఉత్తర ఇంగ్లండులోను 'విదర్' అను రూపాంతరము కలదు. రివ్వున దూసుకొనిపోవుట, గాలి హోరెత్తుట, గడగడ వణకుట అని దాని అర్థములు. పండితులు దీనిని నార్స్ మూలమునకు చేర్తురు. ప్రాచీన నార్స్ భాషలో 'హ్విద' అనగా హఠాత్తుగా వీచు గాలివిసురు. 866లో డేన్లు యార్క్ నగరమును పట్టుకొనిరి. పిదప వారి జనులు ఆ ప్రాంతమున స్థిరపడిరి. అచటివారు కొండను 'ఫెల్' అనుటయు, వాగును 'బెక్' అనుటయు ఆ సంపర్కఫలమే. ఇట్టి పలుకులను 1898–1905 నడుమ ఆరు సంపుటముల నిఘంటువుగా కూర్చిన జోసఫ్ రైట్ యార్క్‌షైర్ వాడే. బాల్యమున మిల్లుకూలిగా బ్రతికి, దాదాపు 15 ఏండ్ల వయసున చదువ నేర్చి, తుదకు ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడైనాడు.

చలనము, ధ్వని, వణకు ఒక్క మాటలో ఇమిడియుండుటయే ఇందలి చిక్కు. 1925లో ఫ్రెంచి అనువాదకుడు దెలబెక్ 'ఊళ', 'గాలి' అను రెండు మాటలను జోడించి ఆ ఇంటికొక కొత్త పేరు సృష్టించెను. జర్మనులు 'తుపాను కొండ' అనుటతో తృప్తిపడిరి. నా దృష్టిలో ఫ్రెంచివాడే మూలమునకు చేరువ.

తెలుగున 'తుపాను' అనగానే మన తీరవాసికి బంగాళాఖాతము, తెగిన గట్లు, కూలిన కొబ్బరితోటలు తోచును. అది వచ్చి పోవునట్టిది. నవలలోని గాలి అట్టిది కాదు. ఇంటి చెంత చెట్లన్నియు ఒక్క వైపునకే ఒరిగి పెరుగునంతగా ఏడాది పొడుగున కొట్టునట్టిది. మన 'ఈదురుగాలి'లో ఆ చలియు, విసురును కలవు. 'హోరు' చేర్చినచో ధ్వనియు దక్కును. ఏదేని ఒక జిల్లా మాండలికమును తెచ్చి పెట్టుట నాకు సమ్మతము కాదు. అప్పుడు ఆ ఇల్లు యార్క్‌షైర్ విడిచి మన జిల్లాకు తరలివచ్చును. గ్రంథనామమును ఉన్నదున్నట్లుంచి, లోపలి వర్ణనలలో ఈదురుగాలిని వీచనిచ్చుట మేలని నా అభిప్రాయము.