చెరగని చిట్టా, అడవి దొంగల సొమ్ము

1991లో అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధన సంస్థలో పనిచేసే ఇద్దరు శాస్త్రవేత్తలను ఒక ప్రశ్న పట్టుకుంది. కాగితం మీది దస్తావేజును ఎవరైనా దిద్దితే సిరా పట్టిస్తుంది. కంప్యూటర్లో ఉన్న దస్తావేజును దిద్దితే ఏది పట్టిస్తుంది? తేదీ మార్చవచ్చు, అంకె మార్చవచ్చు, ఆనవాలు మిగలదు. స్టువార్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఆ ఇద్దరూ ఒక ఉపాయం ఆలోచించారు. ప్రతి దస్తావేజు నుంచీ గణితంతో ఒక చిన్న గుర్తును రాబట్టాలి. ఆ గుర్తును అంతకుముందు దస్తావేజు గుర్తుతో ముడివేస్తూ గొలుసుగా అల్లుకుపోవాలి. నడుమ ఒక్క అక్షరం మారినా అక్కడి నుంచి గుర్తులన్నీ తప్పుతాయి. 1995 నుంచి వారి కంపెనీ ఆ గుర్తును వారానికొకసారి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా వేయించింది. ఊరూరా పంచిన పత్రికను వెనక్కి తెచ్చి దిద్దడం ఎవరి తరం?

బిట్‌కాయిన్ వంటి క్రిప్టోకరెన్సీలు నడిచే బ్లాక్‌చైన్‌కు మూలం అక్కడుంది. మోసపు దిద్దుబాటును పట్టుకోవడానికి పుట్టిన పనిముట్టు అది. ఇవాళ క్రిప్టోకరెన్సీ పేరెత్తితే మనకు గుర్తొచ్చేవి మాత్రం మత్తుమందులు, సైబర్ దోపిడీలు, ఈ మధ్య అడవి జంతువుల అక్రమ రవాణా. సాక్షిగా పుట్టినదానికి దొంగల సహవాసి అన్న పేరు ఎలా వచ్చింది? ఆ పేరులో నిజమెంత? అలుగులనూ ఏనుగులనూ అమ్ముకునేవాళ్ల సొమ్మును పట్టుకోవాలంటే ముందు ఈ లెక్క తేల్చుకోవాలి.

ఇద్దరు పూర్వీకులు

బిట్‌కాయిన్‌కు మరో పూర్వీకుడు కూడా ఉన్నాడు. 1983లో డేవిడ్ చౌమ్ అనే గణిత శాస్త్రవేత్త, బ్యాంకుకు సైతం ఖర్చుపెట్టినవారెవరో తెలియని డిజిటల్ డబ్బుకు దారి చూపాడు. ఎవరి కొనుగోళ్లు వారి సొంత విషయంగా ఉండాలన్నది అతని పట్టుదల. అతని కంపెనీ డిజిక్యాష్ 1998లో దివాలా తీసింది. ఆశ మాత్రం కొందరి మనసుల్లో మిగిలింది.

2008 అక్టోబరు 31న బిట్‌కాయిన్‌ను ప్రతిపాదిస్తూ సతోషీ నకమోతో అనే పేరుతో తొమ్మిది పేజీల పత్రం వెలువడింది. ఆ పేరు వెనక ఉన్నదెవరో ఇప్పటికీ రుజువు కాలేదు. పత్రం చివర పేర్కొన్న ఎనిమిది ఆధార రచనల్లో మూడు హేబర్, స్టోర్నెట్టాలవే. 2009 జనవరి 3న తొలి బ్లాకు తయారైంది. బ్యాంకులను ప్రభుత్వ సొమ్ముతో ఆదుకోవడం గురించి లండన్ టైమ్స్ ఆ రోజు పెట్టిన శీర్షికను సతోషీ అందులో ఇమిడ్చాడు. ఈ బ్లాకు అంతకంటే ముందు తయారైంది కాదని చెప్పడానికి ఆ రోజు పేపరే సాక్ష్యం. ఇక్కడా పత్రికే!

పని తీరు ఇలా ఉంటుంది. ఎవరు ఎవరికి ఎంత పంపారన్నది ఒక చిట్టాలోకి ఎక్కుతుంది. ఆ చిట్టా ప్రతులు ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉంటాయి. సుమారు పది నిమిషాలకొకసారి కొత్త పద్దులన్నీ ఒక బ్లాకుగా చేరతాయి. బ్లాకును చేర్చే హక్కు కోసం మైనర్లు పోటీ పడతారు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత ప్రక్రియ, ఇచ్చిన సమాచారం ఎంత పెద్దదైనా 64 అక్షరాల గుర్తుగా మారుస్తుంది. ఆ గుర్తు మొదట్లో నిర్ణీత సంఖ్యలో సున్నాలు వచ్చేదాకా మైనర్ల కంప్యూటర్లు అంకెలు మార్చి మార్చి ప్రయత్నిస్తాయి. దగ్గరి దారి లేదు. బిట్‌కాయిన్‌కు అంత కరెంటు తగలబడేది అందుకే. పాత పద్దును దిద్దదలచినవాడు ఆ తరవాతి బ్లాకులన్నిటికీ పడిన శ్రమను మళ్లీ పడాలి, అదీ మిగతా మైనర్లందరికంటే వేగంగా. అందువల్ల ఒకసారి ఎక్కిన పద్దు ఉండిపోతుంది.

చిట్టాలో పేర్లుండవు. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవైన చిరునామాలు మాత్రమే కనిపిస్తాయి. తన దగ్గరున్న రహస్య కీతో సంతకం చేయగలిగినవాడిదే ఆ చిరునామాలోని సొమ్ము. పేరు లేదు కాబట్టి ఆచూకీ దొరకదని చాలామంది నమ్మారు. నిజానికి బిట్‌కాయిన్‌కు చౌమ్ గోప్యత అబ్బింది తక్కువ. ఎక్కువగా వచ్చింది హేబర్, స్టోర్నెట్టాల చెరగని గొలుసే. ఒకే చెల్లింపుకు అనేక చిరునామాల నుంచి సొమ్ము తీస్తే అవన్నీ ఒకరివేనని బయటపడుతుందని సతోషీ తన పత్రంలోనే ఒప్పుకున్నాడు. దొంగలు ఆ పేజీ దాకా చదివినట్టు లేదు.

చెడ్డపేరు వచ్చిన కాలం

2011లో, మామూలుగా వెతికితే కనబడని డార్క్‌వెబ్‌లో సిల్క్‌రోడ్ అనే అంగడి తెరుచుకుంది. సరుకు ఎక్కువగా మత్తుమందులు, చెల్లింపు బిట్‌కాయిన్‌లో. 2013 అక్టోబరులో దాన్ని నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక గ్రంథాలయంలో పట్టుకున్నారు. యావజ్జీవ శిక్ష పడింది, 2025 జనవరిలో అధ్యక్షుడి క్షమాభిక్షతో విడుదలయ్యాడు. 2017 మేలో వన్నాక్రై అనే మాల్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళం వేసి, విడిపించడానికి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ అడిగింది. దానికి చిక్కినవాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా ఉన్నాయి. చెడ్డపేరు ఊరికే రాలేదు. చిన్న మదుపరులు పోగొట్టుకున్న సొమ్ము, మైనింగ్‌కు ఖర్చయిన విద్యుత్తు కూడా ఆ ఖాతాలోవే.

అయితే ఆ కాలంలోనే చిట్టాను చదవడం కొందరు నేర్చుకున్నారు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డియాగోలో సారా మెకల్‌జాన్ బృందం స్వయంగా చిన్న చిన్న కొనుగోళ్లు చేసి, ఆ చెల్లింపులు ఏ చిరునామాలకు చేరాయో రాసుకుంది. సతోషీ ఒప్పుకున్న ఆ లొసుగునే పట్టుకుని, విడివిడిగా కనిపించే లక్షల చిరునామాలను గుంపులుగా కట్టి, ఏ గుంపు ఏ ఎక్స్‌ఛేంజిదో, ఏ అంగడిదో గుర్తుపట్టింది. క్రిప్టోను మామూలు డబ్బుగా మార్చే ఎక్స్‌ఛేంజి దగ్గర ఖాతాదారు పేరు, గుర్తింపు కార్డు ఉంటాయి. దారి అక్కడికి చేరితే పేరు దొరికినట్టే.

సిల్క్‌రోడ్ దర్యాప్తులో పాల్గొన్న ఇద్దరు ప్రభుత్వ అధికారులు అందులోంచి బిట్‌కాయిన్లు కాజేశారు. 2015లో వాళ్ల మీద కేసు నిలిచిందంటే ఈ చిట్టా వల్లే. 2016లో బిట్‌ఫినెక్స్ ఎక్స్‌ఛేంజి నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు చోరీ అయ్యాయి. కొంత భాగాన్ని అయిదేళ్ల పాటు చిన్న చిన్న చెల్లింపులుగా చీల్చి తిప్పినా, 2022 ఫిబ్రవరిలో ఆ చోరీ సొత్తులో 94,000కు పైగా అమెరికా అధికారుల చేతికి వచ్చాయి. అప్పటి విలువ 360 కోట్ల డాలర్లు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు దొంగలు ప్రపంచమంతా చూసే చిట్టాలో లావాదేవీలు నడిపారు.

అడవి సొమ్ము ఎటు పోతోంది?

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2015 నుంచి 2021 వరకు 162 దేశాల్లో పట్టుబడిన అక్రమ సరుకులో సుమారు 4,000 జాతుల మొక్కలూ జంతువులూ ఉన్నాయి. పట్టుబడినవే అన్ని. అలుగు పొలుసు, ఖడ్గమృగం కొమ్ము రెండూ మన గోళ్లలో ఉండే కెరటిన్‌తో తయారైనవే. వాటి కోసం ప్రాణులను తుడిచిపెడుతున్నారు.

ఈ వ్యాపారం బిట్‌కాయిన్‌తోనే నడుస్తోందా? వెతికినవాళ్లకు దొరికింది తక్కువ. 2016 డిసెంబరు నుంచి 2017 ఏప్రిల్ దాకా ఇంటర్‌పోల్ డార్క్‌వెబ్‌ను గాలిస్తే ఖడ్గమృగం కొమ్ము, ఏనుగు దంతం, పులి భాగాలు అమ్ముతామన్న ప్రకటనలు 21 కనిపించాయి. 2023లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలువరించిన అధ్యయనంలో డార్క్‌వెబ్ అమ్మకాల్లో 153 జాతులు తేలాయి, వాటిలో అధికభాగం మత్తు కోసం వాడే మొక్కలూ పుట్టగొడుగులూ. కారణం ఆలోచిస్తే బాధ కలుగుతుంది. అడవి జంతువులను అమ్మేవాళ్లకు డార్క్‌వెబ్‌లో దాక్కోవలసిన అవసరమే పడలేదు. ఫేస్‌బుక్‌లో, వీచాట్‌లో బాహాటంగా బేరాలు సాగాయి. మత్తుమందుల అంగడిని వెంటాడిన పట్టుదలతో తాబేళ్ల అంగడిని ఎవరూ వెంటాడలేదు.

డబ్బు సంగతీ అంతే. మనీలాండరింగ్‌పై దేశాలకు ప్రమాణాలు నిర్దేశించే ఎఫ్‌ఏటీఎఫ్ 2020 జూన్‌లో వన్యప్రాణి వ్యాపారంపై నివేదిక ఇచ్చింది. ఎగుమతి, దిగుమతి పేరుతో పెట్టే బూటకపు కంపెనీలు, నగదు తరలింపు, మామూలు బ్యాంకు ఖాతాలు, మొబైల్ చెల్లింపులు అందులో ప్రధానంగా కనిపిస్తాయి. ఈ నేరాల్లో డబ్బు దారిని దర్యాప్తు చేసే దేశాలు బహు కొద్ది అని కూడా ఆ నివేదిక తేల్చింది.

అలాగని క్రిప్టోను పక్కన పెట్టడానికి వీల్లేదు. లావోస్‌లోని గోల్డెన్ ట్రయాంగిల్ ప్రత్యేక ఆర్థిక మండలిని చూడండి. అక్కడ కింగ్స్ రోమన్స్ క్యాసినో నడిపే ఝావో వెయ్ ముఠాపై 2018 జనవరిలో అమెరికా ఆర్థికశాఖ ఆంక్షలు విధించింది. మాదకద్రవ్యాలు, మనుషుల అక్రమ రవాణా, మనీలాండరింగ్, లంచాలతో పాటు వన్యప్రాణుల అక్రమ రవాణా కూడా ఆ అభియోగాల్లో ఉంది. ఆ ప్రాంతపు క్యాసినోలలో, సైబర్ మోసాల శిబిరాలలో ట్రాన్ అనే బ్లాక్‌చైన్ నెట్‌వర్క్ మీద నడిచే టెథర్ అనే స్టేబుల్‌కాయిన్ నల్లసొమ్ము చలామణీకి ఇష్టమైన సాధనంగా మారిందని 2024 జనవరిలో ఐక్యరాజ్యసమితి అదే విభాగం హెచ్చరించింది. స్టేబుల్‌కాయిన్ విలువ డాలరుతో సమానంగా ఉంటుంది కాబట్టి బిట్‌కాయిన్‌లా ఊగిసలాడదు. ఆగ్నేయాసియాలోని అలాంటి సైబర్ శిబిరాల వేడి మనకూ తగిలింది. ఉద్యోగాల ఆశ చూపి మన యువకులను కంబోడియాకు తరలించిన ఏజెంట్లను 2024 మేలో విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. మనుషులను అమ్మే దారులూ, పులి ఎముకలను అమ్మే దారులూ, ఆ సొమ్మును కడిగే దారులూ ఒకే చోట కలుస్తున్నాయి.

చిట్టా చెప్పలేనిది

చిట్టా శక్తికి హద్దులున్నాయి. మోనెరో వంటి నాణేలు పంపినవారిని, అందుకున్నవారిని, మొత్తాన్ని దాచిపెడతాయి. మిక్సర్లు పలువురి సొమ్మును కలగలిపి జాడ చెరుపుతాయి. వీటికి మించిన హద్దు ఒకటుంది. ఫలానా చిరునామా నుంచి ఫలానా చిరునామాకు ఫలానా క్షణాన ఇంత వెళ్లిందని చిట్టా చెబుతుంది. అది ఏనుగు దంతానికా, సెల్‌ఫోన్‌కా అన్నది చెప్పదు. మత్తుమందుల కేసుల్లో ఆ ఖాళీని దర్యాప్తు అధికారులు పూరించారు. అడవి కేసుల్లో పూరించవలసింది అటవీ అధికారి. చెక్‌పోస్టు దగ్గర దొరికిన ఫోన్‌లో క్రిప్టో వాలెట్ చిరునామా ఉంటే, దాన్ని పంచనామాలో అక్షరం పొల్లుపోకుండా రాస్తే, చెరగని చిట్టాకు మొదటి కొస దొరికినట్టే. ఏళ్ల కిందటి పద్దులు కూడా అక్కడే ఉంటాయి. నగదులో, హవాలాలో ఈ వెసులుబాటు లేదు.

మన తూర్పు కనుమల సంగతే తీసుకుందాం. శేషాచలం ఎర్రచందనానికి విదేశాల్లో గిరాకీ. నక్షత్ర తాబేళ్లను పెంపుడు జంతువులుగా దేశం దాటిస్తున్నారు. వాటి వ్యాపారం పెరిగిపోవడంతో 2019లో, వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం తన అత్యున్నత రక్షణ జాబితాలోకి వాటిని చేర్చింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికేవారంటూ పోలీసులు జరిపిన కాల్పులకు 20 మంది బలయ్యారు. వారంతా తమిళనాడు నుంచి కూలికి వచ్చినవారు. గొడ్డలి పట్టినవాడి దగ్గరే కథ ముగిసిపోతే సొమ్ము తిన్నవాడు మరో ముఠాను పంపుతాడు. డబ్బు వెంట నడవని దర్యాప్తు పేదవాడి దగ్గరే ఆగిపోతుంది.

చట్టానికి కొరత లేదు. వన్యప్రాణుల నేరాలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద దర్యాప్తు చేయదగిన నేరాల జాబితాలో ఉన్నాయి. 2023 మార్చి 7 నుంచి భారతదేశంలో క్రిప్టో ఎక్స్‌ఛేంజిలన్నీ ఆ చట్టం పరిధిలోకి వచ్చాయి. ఖాతాదారుల వివరాలు సేకరించడం, అనుమానాస్పద లావాదేవీలను ఆర్థిక నిఘా విభాగానికి తెలపడం వాటి బాధ్యత. 2007లో ఏర్పడిన వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో ఉంది. ఈ మూడు తీగలూ కలిపి కట్టేవాళ్లు కావాలి.

నా మాట సూటిగా చెబుతాను. అడవిని కొల్లగొడుతున్నది క్రిప్టో అని నింద వేసి కూర్చుంటే బూటకపు కంపెనీలూ, నగదు సంచులూ నింపాదిగా సాగిపోతాయి. దాన్ని పూర్తిగా వెనకేసుకొస్తే ఆగ్నేయాసియా శిబిరాల సొమ్మును చూడనట్టవుతుంది. దొంగ సొమ్ము చిట్టాలోకి ఎక్కినప్పుడల్లా సాక్ష్యం పుడుతోంది. దాన్ని చదివే చదువు పోలీసుల సైబర్ విభాగాలకు అబ్బినట్టే అటవీశాఖకూ అబ్బాలి. రేంజి ఆఫీసర్ల శిక్షణలో తుపాకీతో పాటు వాలెట్ చిరునామా గుర్తుపట్టడం కూడా ఒక పాఠం కావాలి. ప్రతి జిల్లాలో అటవీ, సైబర్ విభాగాలు కలిసి కూర్చునే ఏర్పాటు ప్రభుత్వాలు చేయాలి.

పాఠకులుగా మనం చేయగలిగింది ఒకటుంది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరైనా నక్షత్ర తాబేలును తెచ్చిపెడతానంటే కొనకండి, అటవీశాఖకు చెప్పండి. కొనేవాడు లేని సరుకుకు ఏ నాణెంతోనూ ధర పలకదు.