వాడని పూవు, వాడిన పూవు

చార్మినారునకు అనతిదూరమున, 1590ల కాలమున మహమ్మద్ కులీ కుతుబ్ షా ఇమాం హుస్సేను స్మృత్యర్థము నిర్మింపజేసిన బాద్షాహీ ఆషుర్‌ఖానాలో, నీలి, పసుపు, పచ్చ వన్నెల గాజుపూత పలకలను ముక్కలుగా కోసి పొదిగిన గోడలపై, ఆలములనెడి ధ్వజచిహ్నముల నడుమ లతాపల్లవములు మెలికలు తిరుగుచుండును. శోకగృహమునకు ఇంతటి వసంతశోభ ఎందుకు? ఇస్లామీయ కళలో ఉద్యానము స్వర్గమునకు సంకేతము. స్వర్గమున పూవు వాడరాదు గదా!

ఇంచుమించు ఆ తరముననే, గోల్కొండ రాజ్యపు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పుకొనిన డచ్చివారి దేశమున, బోషార్ట్ వంటి చిత్రకారులు పూలకుండీలను చిత్రించుచు, రాలిన రేకునో పురుగు తొలిచిన ఆకునో చేర్చి, ఐశ్వర్యము క్షణభంగురమని సూచించిరి. వసంతమున పూచు తులిప్పు, గ్రీష్మమున పూచు గులాబి ఒకే కుండీలో ఎట్లు కుదిరెను? ఏ ఋతువున పూచిన పూవును ఆ ఋతువున విడివిడిగా గీసి దాచుకొని, పిదప ఒక్క పటమున కూర్చుటచేతనే. అట్టి పుష్పగుచ్ఛము ఏ తోటలోను దొరకదు. నాకైతే ఆ చమత్కారమే ఆ నీతికంటె ప్రియము.

ఆషుర్‌ఖానా పూలకును కష్టము తప్పలేదు. 1908 నాటి మూసీవరద గోడల క్రిందిభాగపు పలకలను పాడుచేయగా, అచ్చట రంగులతో అనుకరణ మాత్రమే వేసిరి. దగ్గరగా నిలిచి పరికించినచో, పలక మెరుపునకును రంగుపూతకును గల భేదము పిల్లలకు సైతము పట్టుబడును.