షాటో ముసార్

షాటో ముసార్ పశ్చిమాసియాలోని లెబనాన్ దేశంలో తయారయ్యే ఎర్ర వైన్ (ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసే మద్యం). దీనిని తయారుచేసే సంస్థ పేరు కూడా ఇదే. బెకా లోయలో పండే మూడు రకాల ద్రాక్షల మిశ్రమం ఇది. 1975 నుండి 1990 వరకు సాగిన అంతర్యుద్ధ కాలంలోనే ఈ వైన్ ద్వారా లెబనాన్ పేరు ప్రపంచ విపణిలో వినబడినది.

ప్రాంతం

బెకా లోయ లెబనాన్ పర్వతశ్రేణికి, దానికి తూర్పునున్న యాంటీ లెబనాన్ శ్రేణికి నడుమ సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది. వేసవిలో వాన దాదాపు కురవదు. పగలు ఎండ తీవ్రంగా ఉన్నా రాత్రులు చల్లబడతాయి. అందువలన పండులో తీపితో పాటు పులుపు కూడా నిలుస్తుంది. ఈ లోయలో ద్రాక్షసాగు ప్రాచీనమైనది. ఇక్కడి బాల్‌బెక్ పట్టణంలో రోమన్ల మద్యదేవత బాకస్ పేరిట ప్రసిద్ధమైన ఆలయం కలదు.

చరిత్ర

గాస్టన్ హొషార్ 1930లో ఈ సంస్థను స్థాపించాడు. తోటలు బెకాలో ఉండగా, వైన్ తయారీ బీరూట్‌కు ఉత్తరాన ఉన్న ఘజీర్ గ్రామంలోని పాత కోటలో ప్రారంభమైనది. ఫ్రాన్సులోని బోర్డోలో వైన్ శాస్త్రం చదివిన ఆయన కుమారుడు సెర్జ్ హొషార్ 1959లో తయారీ బాధ్యత స్వీకరించాడు.

యుద్ధానికి ముందు ఈ వైన్ అధికభాగం స్వదేశంలోనే అమ్ముడయ్యేది. యుద్ధం వలన ఆ విపణి దెబ్బతినగా సెర్జ్ విదేశాల వైపు దృష్టి సారించాడు. 1979లో ఇంగ్లండులోని బ్రిస్టల్ వైన్ ప్రదర్శనలో 1967 నాటి ముసార్‌ను విమర్శకుడు మైకేల్ బ్రాడ్‌బెంట్ ప్రశంసించడంతో దీనికి ఖ్యాతి లభించినది. 1984లో డికాంటర్ పత్రిక తన తొలి 'మ్యాన్ ఆఫ్ ది ఇయర్' గౌరవాన్ని సెర్జ్‌కు ఇచ్చినది.

అంతర్యుద్ధ కాలం

తోటలకు, ఘజీర్‌కు నడుమ పర్వతాలు ఉండుటచే కోసిన పండ్లను లారీలలో తరలించవలసి ఉండేది. యుద్ధకాలంలో ఈ దారి ప్రమాదకరమైనది. 1976లో వైన్ తయారు కాలేదు. 1984లో కొన్ని గంటల ప్రయాణానికి కొన్ని రోజులు పట్టగా, ఘజీర్ చేరకముందే పండ్లు పులియసాగాయి. అయినప్పటికీ మిగిలిన సంవత్సరాలలో తయారీ ఆగలేదు.

తయారీ విధానం

ఇందులో వాడే ద్రాక్షలు మూడు:

కాబర్నే సావిన్యో – రంగు, వగరు, దృఢత్వం ఇస్తుంది.
సాన్సో – సువాసన, మృదుత్వం ఇస్తుంది.
కారిన్యాన్ – పులుపు, చిక్కదనం ఇస్తుంది.

ప్రతి రకాన్నీ సిమెంటు తొట్లలో విడివిడిగా సహజమైన ఈస్టుతో పులియబెడతారు. తరువాత ఫ్రెంచి ఓక్ పీపాలలో సుమారు ఏడాది ఉంచుతారు. మూడవ సంవత్సరంలో మూడింటినీ కలిపి సీసాలలో నింపి, నేలమాళిగలలో భద్రపరచి ఏడవ సంవత్సరంలో విక్రయానికి విడుదల చేస్తారు. మిశ్రమంలోని పాళ్ళు పంటను బట్టి మారుతుంటాయి. అందువలన ఒక ఏటి రుచి మరొక ఏటిలో కనబడదు.

అభిప్రాయాలు

ఈ వైన్‌లో కొద్దిగా వెనిగర్ వంటి ఘాటు ఉంటుంది. కొందరు విమర్శకులు దీనిని తయారీలోపంగా భావిస్తారు. అభిమానులు మాత్రం అదే దీని ప్రత్యేకత అంటారు. వడపోయని కారణంగా సీసా అడుగున మడ్డి చేరుతుంది, కనుక వడ్డించే ముందు పైతేటను మరొక పాత్రలోకి నెమ్మదిగా వంచుకొంటారు. సెర్జ్ హొషార్ 2014 డిసెంబరు 31న మరణించాడు. తదుపరి ఆయన కుటుంబసభ్యులు సంస్థ నిర్వహణను కొనసాగించారు.