గ్లూకోజ్‌కో మండపం

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. అమ్మకు షుగర్, ఆమె వేలికి సూది గుచ్చినప్పుడల్లా గ్లూకోజ్‌ను గుర్తుపట్టే అణువుపై రసాయన శాస్త్రవేత్త ఆంథొనీ డేవిస్ చేసిన పని గుర్తొస్తుంది. గ్లూకోజ్ మీది హైడ్రాక్సిల్ సమూహాలు నీటిని పోలి ఉంటాయి. అందుకే నీళ్లలో దాన్ని వేరుగా గుర్తుపట్టడం చాలా కష్టం. ప్రోటీన్లు సరిగ్గా సరిపోయే గుంటలతో ఆ పని చేస్తాయి.

అలాంటి గుంటలను మనిషి తయారుచేసే విద్యకే పెడర్సన్, క్రామ్, లెన్‌లకు 1987లో నోబెల్ వచ్చింది. 2019లో బ్రిస్టల్‌లో డేవిస్ బృందం ప్రకటించిన అణువును వేయిస్తంభాల గుడి మండపంతో పోల్చి చెబుతాను: పైనా కిందా బెంజీన్ వలయాలు, మధ్య మూడు స్తంభాలు, ఒక్కో స్తంభంలో రెండు యూరియాలు. లోపలికొచ్చిన గ్లూకోజ్‌ను ఆ యూరియాలు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. గెలాక్టోజ్ అనే మరో చక్కెరలో ఒక్క హైడ్రాక్సిల్ దిశ వేరు, అంతే. దాంతోనే పట్టు బాగా సడలిపోతుంది. ఎంత సున్నితమైన పనితనం!

రక్తంలో చక్కెర పెరిగేకొద్దీ మరింత చురుకయ్యే ఇన్సులిన్‌ను 2024లో నోవో నార్డిస్క్ పరిశోధకులు గ్లూకోజ్‌ను పట్టే ఇలాంటి అణువును జోడించే తయారుచేశారు. ఎలుకల్లో, పందుల్లో పరీక్షించారు. అది మనుషులదాకా రావాలని నా ఆశ.