చారిత్రక నాటక పఠనంలో పాత్రధారుల ఎంపిక

చరిత్ర గ్రంథంలోని ఘట్టాలను సంభాషణలుగా మలచి, వేషధారణ, తెరలు లేకుండా, ప్రతులు చేతబట్టుకొని శ్రోతల ఎదుట చదవడాన్ని చారిత్రక నాటక పఠనం అనవచ్చును. ఇది రంగస్థల నాటకానికి, రేడియో నాటకానికి నడుమ నిలిచే ప్రక్రియ. ఇందులో ఏ పాత్రను ఎవరు చదవాలో నిర్ణయించడం మొదటి పని, కష్టమైన పని కూడా. గ్రంథకర్త తూచి వ్రాసిన వాక్యానికి చదివేవారి గొంతు తనదైన తీర్పును జోడిస్తుంది. ఎంపికలో పొరపాటు జరిగితే శ్రోతకు చేరే చరిత్రే మారిపోతుంది.

వాచికానికి గల ప్రాధాన్యం

భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. నాటక పఠనంలో ఆహార్యం ఉండదు, ఆంగికం బహు స్వల్పం. మిగిలినవి వాచికం, సాత్త్వికం మాత్రమే. కనుక పాత్రధారి రూపం, ఎత్తు, వయస్సు ఇక్కడ అడ్డురావు. అయితే ఒత్తులు పలకకపోవడం, శ, ష, సలను కలిపివేయడం, వాక్యాంతాలను మింగివేయడం వంటి లోపాలను కప్పిపుచ్చడానికి కిరీటమూ, గదా ఉండవు.

ప్రాంతీయ నేపథ్యం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం నాటకానికి, చారిత్రక రచనకు పేరుపొందినది. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు, 1920లో చంద్రమతి పాత్రధారి రాకపోవడంతో ఆ పాత్రను ధరించి రంగస్థలానికి పరిచయమయ్యాడు. తరువాత తెనాలిలోని శ్రీరామ విలాస సభ ద్వారా ప్రసిద్ధి చెందాడు. ఔరంగజేబు సోదరి రోషనార పాత్ర ఆయనకు విశేష కీర్తి తెచ్చింది. స్త్రీ పాత్రలను పురుషులే ధరించిన ఆ కాలంలో చీరకట్టు, నడక నటుడికి తోడు నిలిచేవి. పఠనంలో ఆ తోడు లేదు. రేపల్లెలో న్యాయవాదిగా పనిచేసిన నోరి నరసింహశాస్త్రి రుద్రమదేవి మొదలైన చారిత్రక నవలలు వ్రాశాడు. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నాటకాలు, గొంతును బట్టి పాత్రను గుర్తించడం ఈ ప్రాంత శ్రోతలకు అలవాటు చేశాయి.

గ్రంథం నుండి పాత్రలు

చరిత్ర గ్రంథంలో సంభాషణలు అరుదు. అందులోని గొంతులను నాలుగుగా విభజించుకోవచ్చును.

1. కథకుడు: గ్రంథకర్త మాట
2. పత్రాలు: శాసనాలు, ఉత్తరాలు, ప్రభుత్వ ఉత్తర్వులు
3. పేరు గల చారిత్రక వ్యక్తులు
4. పేరు లేని ప్రజలు

వీరిలో కథకుని ముందుగా ఎన్నుకోవాలి. ఎక్కువసేపు వినిపించేది అతని గొంతే. కల్పిత సంభాషణలు చదివే వ్యక్తికే పత్రాలను అప్పగించరాదు. ఏది ఆధారమో, ఏది ఊహయో శ్రోత గొంతును బట్టి తెలుసుకోగలగాలి.

ఎంపిక ఒక తీర్పు

పల్నాటి యుద్ధ గాథలో బ్రహ్మనాయుడు, నాగమ్మ ప్రత్యర్థులైన మంత్రులు. నాగమ్మకు కీచుగొంతు, బ్రహ్మనాయునికి గంభీర కంఠం ఇస్తే మొదటి మాటకు ముందే ఆమె దోషిగా నిలుస్తుంది. ఒక రాజ్యాన్ని నడిపిన మంత్రిణిగా ఆమెను వినిపించాలంటే నిదానం, నిబ్బరం గల గొంతు కావాలి. 1947 నాటి పల్నాటి యుద్ధం చలనచిత్రంలో కన్నాంబ, 1966 నాటి చిత్రంలో భానుమతి ఈ పాత్రను ధరించారు. ఇద్దరూ ఉద్దండులైన నటీమణులే కావడం గమనార్హం.

యాస విషయంలోనూ ఇట్టి జాగ్రత్త అవసరం. వేదము వేంకటరాయశాస్త్రి తన ప్రతాపరుద్రీయ నాటకంలో (1897) పాత్రోచిత భాషను ప్రయోగించాడు. ఆ పద్ధతిని అనుసరించేవారు పామరుల మాటను కేవలం నవ్వు పుట్టించడానికి వాడరాదు.

ఉదాహరణ: చీరాల-పేరాల ఉద్యమం

చీరాల, పేరాలలను పురపాలక సంఘంగా మార్చి పన్నులు పెంచినందుకు నిరసనగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ప్రజలు ఇళ్ళు విడిచి రామనగర్ అనే తాత్కాలిక నివాసంలో సుమారు 11 నెలలు గడిపారు. ఈ ఘట్టాన్ని పఠనానికి తీసుకుంటే గోపాలకృష్ణయ్య పాత్రకు ఉరిమే కంఠం ఒక్కటే చాలదు. ఆయన చమత్కారి, ఆశువుగా పద్యం చెప్పగలవాడు. ప్రభుత్వ ఉత్తర్వును వెటకారంగా గాక, చల్లని గొంతుతో చదివించాలి. అప్పుడే దాని కాఠిన్యం తెలుస్తుంది. పన్ను చెల్లించనందుకు జైలుకు వెళ్ళిన రావూరి అలమేలమ్మ పాత్రకు తొణకని స్వరం తగినది. ఇళ్ళు వదిలిన వారి పేర్లు గ్రంథాలలో దాదాపు కానరావు. నలుగురైదుగురు వేర్వేరు వయస్సుల వారికి ఒక్కొక్క వాక్యం పంచితే వారికీ చరిత్రలో గొంతు లభిస్తుంది.

ఎంపిక పద్ధతి

అభ్యర్థులందరిచేత ఒకే పేరాను, ముందుగా చూపకుండా చదివించాలి. నిర్ణేతలు కళ్ళు మూసుకొని వినడం మంచిది. తరువాత ఇద్దరేసి చొప్పున సంభాషణ చదివించాలి. ఒంటరిగా బాగున్న రెండు గొంతులు జంటగా ఒకేలా వినిపిస్తే శ్రోత తికమకపడతాడు. ఒకరికే రెండు పాత్రలు ఇవ్వవలసి వస్తే అవి ఒకే ఘట్టంలో ఎదురుపడకుండా చూడాలి. ఎదుటివారు చదువుతున్నప్పుడు శ్రద్ధగా వింటున్నారా అన్నది కూడా గమనించాలి.

వేదిక, దుస్తుల ఖర్చు లేనందున రామాపురం వంటి గ్రామాలలో పాఠశాల వసారాలో సైతం దీనిని నిర్వహించవచ్చును. కంఠస్థం చేయనక్కరలేదు గనుక విద్యార్థులకూ అనుకూలం. పాత్ర ఇచ్చే ముందు, గ్రంథంలో ఆ వ్యక్తి గురించి ఉన్నదంతా పాత్రధారిచేత చదివించడం అవసరం. తాను చదువుతున్న మాట ఏ ఆధారం నుండి వచ్చిందో చెప్పగలిగినవారే ఆ పాత్రకు అర్హులు.